ఆదివారం ఆగిపోయే ఏసీలు

2019 ఏప్రిల్‌లో నేను కర్నూలు, కడప జిల్లాలకు ఏరియా సర్వీస్ ఇంజనీరుగా ఉన్నాను. మా కంపెనీ ఏసీలు అమ్మేది. అమ్మిన తర్వాత అవి చల్లగా పనిచేసేలా చూడటం మా విభాగం బాధ్యత. అందరికన్నా కింద టెక్నీషియన్, ఆ పైన సీనియర్ టెక్నీషియన్, వాళ్ళ పైన నేను, నా పైన హైదరాబాదులో రీజనల్ సర్వీస్ మేనేజరు. ఇందులో ఒక తేడా ఉంది. నేనూ మేనేజరూ కంపెనీ జీతగాళ్ళం. టెక్నీషియన్లు మాత్రం కంపెనీ తరఫున పనిచేసే సర్వీస్ సెంటరు మనుషులు. కాబట్టి ఎక్కడైనా ఏసీ చల్లగా లేదని గట్టిగా గొడవ జరిగితే మొదట పని పోయేది వాళ్ళకే.

ఏసీ అంటే గోడకున్న తెల్లపెట్టె అని చాలామంది అనుకుంటారు. కష్టమంతా బయట ఎండలో నిలబడే పెట్టెది. గదిలోని వేడిని గ్యాసు మోసుకొచ్చి ఆ బయటి పెట్టెలోని రాగి గొట్టాల్లో తిరుగుతుంది. గొట్టాల చుట్టూ కాగితమంత పల్చటి అల్యూమినియం రేకులు ఒత్తుగా పేర్చి ఉంటాయి. ఫ్యాను ఆ రేకుల సందుల్లోంచి గాలిని లాగి వేడిని బయటికి నెట్టేస్తుంది. దీన్ని మేము కండెన్సర్ కాయిల్ అంటాం. సందులు మురికితో మూసుకుపోతే వేడికి పోయే దారి ఉండదు. గ్యాసు ఒత్తిడి పెరుగుతుంది, కంప్రెసరు కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతుంది. మా భాషలో ట్రిప్ అయింది అంటాం. అందుకని కాయిల్ శుభ్రంగా ఉంచడం మా పనిలో సగం.

రాయలసీమలో ఆ సగమే ముప్పాతిక అవుతుంది. మంగంపేట వైపు పోతే ముగ్గురాయి గనుల తెల్లపొడి కాయిల్‌కు సున్నం కొట్టినట్టు పట్టేది. అహోబిలం సత్రాల్లో కోతులు బయటి పెట్టెల మీద కూర్చుని, తోచక రేకులు వంచేవి. పత్తి మిల్లుల దగ్గర కాయిల్ దూదిపరుపులా ఉండేది. కాయిల్ చూసి ఊరి పేరు చెప్పగలనని మా మేనేజరు దగ్గర ఒకసారి గొప్పలు పోయాను కూడా. ఆయన నవ్వకుండా, ఊరి పేరుతో పనిలేదు, ఫిర్యాదులు తగ్గించండి అన్నాడు.

ఆ ఏప్రిల్‌లో వచ్చిన ఫిర్యాదు కోడుమూరు దగ్గర ఒక ఊరి చర్చి నుంచి. పాతకాలపు రాతి కట్టడం, గట్టి గోడలు, ఎత్తయిన కప్పు. అందులో రెండేసి టన్నుల ఏసీలు నాలుగు కొత్తగా పెట్టించారు. పెట్టించినాయన సంఘ పెద్ద దేవదానం గారు. ఊళ్ళో బుడ్డల మిల్లు ఆయనది. బుడ్డలంటే మా కర్నూలు వైపు వేరుశనక్కాయలు. మే నెలలో ఆయన మనవరాలి పెళ్ళి ఆ చర్చిలోనే జరగాలి. మగపెళ్ళివారు కడప వాళ్ళు. పెళ్ళి ఏసీ చర్చిలో అని వాళ్ళకు ఆయన ముందే చెప్పేశాడు.

ఏసీలు బుధవారం నడిచేవి, ఆదివారం ఆగిపోయేవి. మా సీనియర్ టెక్నీషియన్ మద్దిలేటి వారం మధ్యలో పోయి కడిగి, నడిపి చూపించి, సంతకం తీసుకుని వచ్చేవాడు. ఆదివారం ఆరాధన మొదలై, వాక్యం అనే బైబిలు ప్రసంగం సగానికి వచ్చేసరికి నాలుగూ వరసగా ఆగేవి. మళ్ళీ ఫిర్యాదు. ఒకే మిషను మీద నెల తిరక్కుండా మళ్ళీ మళ్ళీ వచ్చే ఫిర్యాదును మేము రిపీట్ అంటాం. సర్వీసు వాళ్ళకు అంతకన్నా చెడ్డమాట లేదు. మూడో రిపీట్‌కు దేవదానం గారు నేరుగా హైదరాబాదుకు ఫోను చేశాడు. మిషన్లన్నా మార్చండి, లేదా ఆ మద్దిలేటినన్నా మార్చండి అన్నాడట. మిషన్ల కన్నా మనిషిని మార్చడం కంపెనీకి తేలిక. మేనేజరు నాకు ఫోను చేసి, ఈ ఒక్కసారి మీరే స్వయంగా వెళ్ళండి, ఇది కూడా రిపీట్ అయితే మద్దిలేటిని ఆపేయమని సర్వీస్ సెంటరుకు రాస్తాను అన్నాడు.

మద్దిలేటి నా దగ్గర పదేళ్ళకు పైగా పనిచేసినవాడు. బ్రష్‌తో కాయిల్ దులిపితే ఒక్క రేకు వంగేది కాదు. అతన్ని బండి వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరాను. దారిలో, కాయిల్ ఎందుకు మూసుకుంటోంది అని అడిగాను. "దుమ్ము సార్" అన్నాడు. ఏం దుమ్మని అడిగాను. "మీరే చూస్తారు గదా సార్, నన్నెందుకు చెప్పిస్తారు" అన్నాడు.

చూడటానికి ఎక్కువసేపు పట్టలేదు. చర్చి పడమటి గోడకు ఇనుప స్టాండ్ల మీద నాలుగు బయటి పెట్టెలూ వరసగా ఉన్నాయి. ఆ గోడకు ఎదురుగా, సందు దాటితే, దేవదానం గారి మిల్లు. మిల్లు పైకప్పు మీదనుంచి ఒక పెద్ద రేకు గొట్టం బయటికి వచ్చి, చర్చి వైపు నోరు తెరుచుకుని ఉంది. లోపల యంత్రం బుడ్డలు ఒలుస్తూ ఉంటే పొట్టునంతా ఒక ఫ్యాను ఆ గొట్టంలోంచి బయటికి ఊదుతోంది. బరువు పొట్టు కింద కుప్పగా పడుతోంది. సన్నటి పొట్టు, ఎర్రటి పైపొర గాలికి లేచి, నేరుగా వచ్చి గోడకు కొట్టుకుని, పెట్టెల వెనక సందులో దిగి కాయిల్‌కు అతుక్కుంటోంది. కాయిల్ పెట్టె వెనకవైపు ఉంటుంది, వెనక గోడ. గోడకూ పెట్టెకూ మధ్య జానెడు సందు. గొంతుక్కూర్చుని తల వంచితే తప్ప ఆ మురికి ఎవరికీ కనిపించదు. మిల్లు సోమవారం నుంచి శనివారం దాకా నడుస్తుంది. ఆదివారం సెలవు. అంటే మద్దిలేటి వారం మధ్యలో కడిగిన కాయిల్ శనివారం సాయంత్రానికి మళ్ళీ నిండుతుంది. పైగా ఆ ఊళ్ళో ఇంటి కప్పుల మీద, ఆకుల మీద, ఎక్కడ చూసినా పొట్టే. దానిలోనే బతికిన దేవదానం గారికి అది దుమ్ములాగా కనిపించడం ఎప్పుడో మానేసినట్టుంది.

అయ్యగారు, అంటే చర్చి పాస్టరు ప్రభుదాసు గారు, బయటికి వచ్చారు. నలభై ఏళ్ళ మనిషి, మెత్తగా మాట్లాడేవారు. నేను మిల్లు గొట్టం వైపు వేలు చూపించి నోరు తెరవబోయాను. ఆయన నా వేలు పట్టుకుని కిందికి దించారు.

"తెలుసు సార్. అందరికీ తెలుసు" అన్నారు చిన్నగా. "పెద్దాయనకు చెప్పేవాళ్ళే లేరు. నాకు ముందుండిన అయ్యగారు, పెద్దాయన ప్రార్థన కొంచెం పొడుగవుతాందేమో అన్నాడు. ఆ వారమే ఆయప్పకు బదిలీ అయ్యింది."

అయినా ఆయన తనవంతు ప్రయత్నం చేశారట. ముందటి వారం వాక్యంలో, మన పక్కనుంచే వచ్చి మన శ్వాసను ఆపే ధూళి గురించి అరగంట చెప్పారు. దేవదానం గారు మొదటి వరసలో కూర్చుని శ్రద్ధగా విని, ఆరాధన అయ్యాక చర్చి ఊడ్చే ఆవిడను పిలిచి, ఇంగ నుంచి రెండుసార్లు ఊడ్చు అని చెప్పి పోయాడు.

బయటి పెట్టెలను తూర్పు గోడకు మార్చితే సరిపోతుంది కదా అని అడిగాను. మార్చవచ్చు, కానీ దానికి సంఘం కమిటీ ఒప్పుకోవాలి, కమిటీకి అధ్యక్షుడు దేవదానం గారే, ఎందుకు మార్చాలని ఆయన తప్పకుండా అడుగుతాడు అన్నారు అయ్యగారు. ఏ దారిన పోయినా మిల్లు దగ్గరే తేలుతోంది.

సరే, చెప్పాల్సింది నేనే, అది నా ఉద్యోగం అనుకుని మిల్లుకు పోయాను. దేవదానం గారు డెబ్బై దాటిన మనిషి. తెల్ల పంచె, తెల్ల చొక్కా, దూరం నుంచే వినిపించే గొంతు. కుర్చీ వేయించి, వేయించిన బుడ్డలు పళ్ళెం నిండా ముందు పెట్టించాడు.

"తినప్పా బాషా. ఇట్లాటి బుడ్డపలుకు నీకు యాడా దొరకదు. ఇంగ చెప్పు, ఎందుకు ఆగిపోతాండాయి మిషన్లు?"

"పెద్దాయనా, బయట దుమ్ము..." అన్నాను.

"ఆ! దుమ్మే! నేనూ అదే అంటాండా. రోడ్డు ఎడల్పు జేస్తాండారు గదా, ఆ కంట్రాక్టరు నీళ్ళు జల్లడు. నేను ఆఫీసులో అర్జీ గూడా పెట్టినా. అయినా మీ మిషనుకు అంత దుమ్ము తట్టుకునే శక్తి లేకపోతే ఎట్లప్పా? ఈ సీమలో దుమ్ము లేని చోటు యాడుండాది?"

రోడ్డు తూర్పున ఉంది, కాయిల్ పడమర ఉంది అని చెప్పబోయాను. అప్పటికే ఆయన ఆ కంట్రాక్టరు తండ్రి సంగతి మొదలుపెట్టాడు. అది పూర్తయ్యేసరికి పళ్ళెం ఖాళీ అయింది. ఆ వారంలో ఇంకో రెండుసార్లు పోయాను. రెండుసార్లూ బుడ్డలు తిని, "పెద్దాయనా" అన్న మాట దగ్గరే ఆగి, తిరిగి వచ్చాను. గుమ్మం దగ్గర ఆయన భార్య సుగుణమ్మ గారు నాకు మజ్జిగ ఇస్తూ, "చెప్పినావా నాయనా?" అని అడిగింది. లేదన్నాను. "నేను పెండ్లయినప్పటి నుంచి చెప్పబోతానే ఉండా" అని లోపలికి పోయింది.

మూడోసారి దేవదానం గారే ఒక తీర్మానం చేశాడు. ఆదివారం ఆరాధనకు రావాలి, మిషన్లు ఆగేది కళ్ళతో చూడాలి, చూసి, తప్పు మిషనుదా, మద్దిలేటిదా, రోడ్డు దుమ్ముదా అన్నది సంఘం ముందర నిలబడి చెప్పాలి. మేనేజరుకు ఫోను చేసి ఈ సంగతి చెప్పాను. చర్చిలో సర్వీస్ రిపోర్టు చదవడానికి కంపెనీ నియమాల్లో అడ్డేమీ లేదన్నాడు.

ఆ వారం కాయిల్స్ కడగొద్దని మద్దిలేటికి చెప్పాను. మురికి ఉన్నది ఉన్నట్టు ఉండాలి. ఆదివారం పొద్దున నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక వరసలో కూర్చున్నాను. మా నాన్న కర్నూలు పాతబస్తీలో మసీదుకు గడియారం మరమ్మతు చేసేవాడు. నేను చర్చిలో ఆరాధనకు కూర్చోవడం అదే మొదలు. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. పాటలు అయ్యేదాకా ఏసీలు బాగానే నడిచాయి. వాక్యం మొదలైంది. ఎండ ఎక్కింది. మొదట కిటికీ పక్కది ఆగింది, కాసేపటికి దాని పక్కది. జనం చేతిరుమాళ్ళు తీశారు. నాలుగోది ఆగినప్పుడు అయ్యగారు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, తెరిచి, ఇప్పుడు ప్రకటనలు అన్నారు.

దేవదానం గారు మొదటి వరసలో లేచి నిలబడి వెనక్కి తిరిగాడు. "ఏమప్పా ఇంజనీరూ, నీ కండ్లతోనే చూసినావు గదా. రా, మైకులో చెప్పు. సంగమంతా వింటాది."

నేను ముందుకు పోయి మైకు పట్టుకున్నాను. అందరికీ నమస్కారం అన్నాను. వందనాలు అని చర్చి మొత్తం ఒక్క గొంతుతో బదులిచ్చింది. అంత మర్యాద నాకు మా వార్షిక సమావేశంలో కూడా దొరకలేదు.

నాకు తెలియని సంగతి ఒకటుంది. ఆ సంఘంలో ఎవరైనా మైకు పట్టుకుని నిదానంగా మాట్లాడితే అది దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యం కిందే లెక్క. రెండో వరసలో తిమోతి తాత అని ఒక ముసలాయన ఉన్నాడు. చెవులు బాగా మందం. మైకు దగ్గరున్నవాళ్ళ పెదాలు ఆగినప్పుడల్లా స్తోత్రం చెప్పడం ఆయన అలవాటు. ఆయన మొదలుపెడితే మిగతావాళ్ళు ఊరుకోలేరు.

"గదిలోని వేడి బయటికి పోవాలంటే ఒక దారి ఉండాలి" అన్నాను.

"స్తోత్రం!"

"ఆ దారి మూసుకుపోయింది."

"ఆమెన్!"

"బయటినుంచి చూస్తే శుభ్రంగానే ఉంటుంది. కానీ లోపల, ఎవరూ వంగి చూడని చోట, మురికి పేరుకుపోయి ఉంది."

ఈసారి స్తోత్రం కప్పు అదిరేలా వచ్చింది. ఆడవాళ్ళ వైపు ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. అయ్యగారు తల వంచుకుని బైబిలులో ఏదో వెతకసాగారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. దేవదానం గారు మాత్రం తల ఊపుతూ, ఇంగ అసలు సంగతి చెప్పు అన్నట్టు చేయి ఆడించాడు.

ఆ మురికి ఏమిటో నేను చెప్పేకన్నా పెద్దలు చూస్తే మంచిది అని, మద్దిలేటిని పట్టుకురమ్మన్నాను. అతను అప్పటికే బయట, మొదట ఆగిన పెట్టె విప్పి, కాయిల్ మీది మురికిని బ్రష్‌తో దులిపి సిద్ధంగా పెట్టాడు. దేనిలో తేవాలో నేను చెప్పలేదు. చర్చి ఊడ్చే ఆవిడను పళ్ళెం అడిగితే, ఆవిడ చేతికి అందిన కానుకల పళ్ళెం ఇచ్చింది. మద్దిలేటి వెనక తలుపులోంచి వచ్చి, నడిమధ్య నడవడానికి మొహమాటపడి, దగ్గరున్నాయనకు ఇచ్చి, పెద్దాయనకు అందించండి అన్నాడు.

కానుకల పళ్ళెం చేతికొస్తే ఆ సంఘంలో ఎవరూ దాన్ని నేరుగా ముందుకు పంపరు. అది వరస వెంబడి పోయింది. ప్రతి ఒక్కరూ అందుకున్నారు, లోపలికి చూశారు, ఏమిటో గుర్తుపట్టారు, ముఖంలో ఏమీ లేకుండా చేసుకుని పక్కవాళ్ళకిచ్చారు. ఒక అవ్వ చూపు ఆనకనో ఏమో, కొంగుముడి విప్పి పది రూపాయల నోటు వేసింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు వేశారు. మైకు పట్టుకుని నేను నిలబడే ఉన్నాను. ఇట్లాంటి సమయంలో ఏం చేయాలో మా సర్వీస్ మాన్యువల్‌లో లేదు.

పళ్ళెం దేవదానం గారి చేతికి చేరింది. ఆయన ముందు నోట్లు తీసి అయ్యగారికి ఇచ్చాడు. తర్వాత మురికిని చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలిపాడు.

"ఇది రోడ్డు దుమ్ము కాదే" అన్నాడు.

చర్చిలో చేతిరుమాళ్ళు ఆగాయి. ఆయన వాసన చూశాడు. కొంచెం నాలుక మీద పెట్టుకున్నాడు.

"బుడ్డపొట్టు. ఈ కారు పంటది. బాగా ఎండినాక ఆడించినారు." ఆయన ముఖం వెలిగింది. పళ్ళెం పక్కాయన ముందుకు జరిపాడు. "మన మిల్లుదేరా ఇది! చూడు, ఎంత సన్నంగా వచ్చినాదో. వేరే మిల్లులో ఆడిస్తే పలుకు పగిలి దీంట్లో కలుస్తాది. దీంట్లో ఒక్క పలుకుముక్క ఉంటే చూపీ! మన జల్లెడ అట్లాటిది. ఈ పొట్టు నేను యాడున్నా గుర్తుపడ్తా, మన..."

ఆ మాట దగ్గర ఆగిపోయాడు. పళ్ళెం వైపు చూశాడు. నా వైపు చూశాడు. పడమటి కిటికీలోంచి కనిపిస్తున్న గొట్టం నోటి వైపు చూశాడు.

నాకు మద్దిలేటి ముఖం కనిపించింది. తలుపు దగ్గర బ్రష్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇప్పుడు పెద్దాయనకు కోపమొస్తే పోయేది ముందు అతని పని, తర్వాత అయ్యగారి ఊరు.

"ఇన్ని దినాలు మీకెవురికీ తెలీలేదా?" అన్నాడు దేవదానం గారు.

ఆయన అయ్యగారి వైపు తిరిగాడు. అయ్యగారు బైబిలు మూశారు. అప్పుడు ఆడవాళ్ళ వైపునుంచి సుగుణమ్మ గారు, కూర్చున్న చోటునుంచే అంది:

"తెలుసు. అందురికీ తెలుసు. చిన్నపిల్లోల్లకు గూడా తెలుసు. చెప్పేకి సందు యాడిచ్చినావు నువ్వు?"

పెద్దాయన నోరు తెరిచాడు. మాట రాలేదు. సరిగ్గా ఆ ఖాళీలో, నా పెదాలు చాలాసేపటినుంచి కదలడం లేదని గమనించిన తిమోతి తాత, తనవంతు ఆలస్యమైందనుకుని గట్టిగా "స్తోత్రం!" అన్నాడు.

మొదట నవ్వింది ఎవరో తెలియదు. పిల్లలని నేననుకుంటాను. తర్వాత చర్చి అంతా నవ్వింది. అయ్యగారు బైబిలు అడ్డం పెట్టుకున్నారు. దేవదానం గారు కాసేపు బిగదీసుకుని నిలబడి, పళ్ళెం వైపు మళ్ళీ చూసి, ఇక ఆపుకోలేక కూర్చుని నవ్వాడు.

ఆరాధన అయ్యాక ఆయన నన్ను పడమటి గోడ దగ్గరికి పిలిచాడు. పంచె ఎగగట్టి, పెట్టె వెనక గొంతుక్కూర్చుని, జానెడు సందులో తల పెట్టి కాయిల్ చూశాడు. లేచేసరికి తెల్లచొక్కా భుజమంతా ఎర్రపొర. నవ్వు పోయింది.

"పొట్టు సంగతి సరే అప్పా. పొట్టు దులిపితే పోతాది. ఇంతమంది, ఇన్ని వారాలు చెమటలు కార్చుకుంటా కూర్చున్యారు గానీ, నాతో ఒక్క మాట అనలేదు. నేనంత మాట్లాడనియ్యనా?"

"నేను మీ మిల్లుకు మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ ఈ మాట చెప్పడానికే వచ్చాను. కానీ..." అన్నాను.

"అదేందప్పా, నువ్వొచ్చినప్పుడల్లా నేను కుర్చీ యేసి, బుడ్డలు పెట్టి, ఏం సంగతని అడిగి..." అని మొదలుపెట్టి, తనంతట తానే ఆగిపోయాడు. పెదాలు గట్టిగా మూసుకున్నాడు. మూసుకున్న పెదాలతోనే, చెప్పు అన్నట్టు చేయి చూపించాడు.

చెప్పాను. గొట్టం నోరు చేను వైపు తిప్పాలి. పొట్టు బయటికి ఊదకుండా దానికో గది కట్టాలి. కాయిల్స్‌ను ఈసారి పైపైన కాకుండా విప్పి కడగాలి. పెళ్ళిదాకా శనివారం సాయంత్రాలు మా మనిషి వచ్చి చూసిపోవాలి. ఇదంతా చెప్పడానికి ఎంతో సేపు పట్టలేదు. కానీ ఆ కాసేపూ నోరు మూసుకుని వినడానికి ఆ మనిషి పడిన అవస్థ నేను దగ్గరనుంచి చూశాను. మధ్యలో రెండుసార్లు ఆయన గొంతులోంచి శబ్దం వచ్చింది, మాట రాలేదు. అయిపోయిందా అని అడిగాడు. అయిపోయిందన్నాను. హమ్మయ్య అని, వెంటనే మేస్త్రీకి ఫోను చేశాడు.

మరుసటి రోజు మిల్లు ఆపించి కాయిల్స్ పని పెట్టుకున్నాం. పద్ధతి ఇది. ముందు కరెంటు స్విచ్చి దించాలి. పెట్టె పైమూత, ఫ్యాను ముందరి జాలీ విప్పాలి. మోటారుకూ వైర్లకూ నీళ్ళు తగలకుండా ప్లాస్టిక్ కవరు కట్టాలి. పొడి మురికిని మెత్తటి బ్రష్‌తో, రేకులు నిలువుగా ఉంటాయి కాబట్టి నిలువుగానే దులపాలి. అడ్డంగా దులిపితే రేకులు వంగి, మురికి చేసే పనిని మనమే చేసినట్టవుతుంది. ఆ తర్వాత నురగ వచ్చే మందు కొట్టి, నానిన తర్వాత లోపలినుంచి బయటికి నీళ్ళు వదలాలి. మురికి వచ్చిన దారినే పోవాలి. బయటినుంచి లోపలికి కొడితే ఇంకా లోతుకు దిగబడుతుంది. లారీలు కడిగే పంపు వాడకూడదు. చివర వంగిన రేకులను దువ్వెనలాంటి పనిముట్టుతో తీర్చాలి.

ఆ రోజు నీళ్ళ పైపు పట్టుకుని నిలబడింది దేవదానం గారే. మద్దిలేటి ఎటు చెప్తే అటు తిప్పాడు. క్షమించమని అనలేదు, అలాంటి మాట ఆయన నోట నేను వినలేదు. మధ్యాహ్నం అతన్ని ఇంట్లో పీటమీద కూర్చోబెట్టి అన్నం పెట్టించి, అతని ముందరే హైదరాబాదుకు ఫోను చేశాడు. "మీ మద్దిలేటి బంగారట్లాటి మనిషి. మార్చినారంటే నేనే వస్తా ఆడికి" అన్నాడు. మొదటి ఫోనులో అడిగినదానికి ఇది పూర్తిగా విరుద్ధం కదా అని మేనేజరు నన్ను అడిగాడు. వినియోగదారుడు సంతృప్తి చెందాడని రాసుకోండి అన్నాను.

పెళ్ళి మేలో జరిగింది. నన్నూ మద్దిలేటినీ పిలిచారు. నాలుగు ఏసీలూ ఒక్క నిమిషం ఆగకుండా నడిచాయి. అయినా లోపల చెమటలు కారుతున్నాయి. జనం పట్టక మూడు తలుపులూ బార్లా తెరిచిపెట్టారు, మే నెల ఎండగాలి నేరుగా లోపలికి వస్తోంది. దేవదానం గారు కొత్త పంచెలో వరస వరసకూ పోయి, "ఎట్లుండాది చల్లగా?" అని అడుగుతున్నాడు. కడప నుంచి వచ్చిన మగపెళ్ళివారు ముఖాలు తుడుచుకుంటూ, శానా చల్లగా ఉండాది మామా అంటున్నారు. నా దగ్గరికి వచ్చి, "నువ్వు చెప్పప్పా" అన్నాడు, అని నోరు మూసుకుని నిలబడ్డాడు. తలుపులు మూయించండి అన్నాను. మూయించాడు. పావుగంటలో లోపల చల్లబడింది. బయట మిగిలిపోయిన బంధువులు ఆయన్ను ఏమన్నారో నాకు తెలియదు. వాళ్ళు మాత్రం ఉన్నదున్నట్టే అన్నారని మద్దిలేటి చెప్పాడు.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా కొత్త టెక్నీషియన్లకు ఒక పద్ధతి నేర్పాను. కాయిల్ కడిగే ముందు దాని మురికి కొంత దులిపి ఇంటాయనకు చూపించాలి. అది ఎక్కడినుంచి వచ్చిందో మనం చెప్పకూడదు, ఆయన్నే అడగాలి. మనం చెబితే అది మన కంపెనీ సాకు అవుతుంది. ఆయన చెబితే అది ఆయన పని అవుతుంది. దేనిలో తీసుకుపోవాలో కూడా ముందే చెప్పేవాణ్ణి: పాత పేపరు మీద.